కార్నెల్ కోడి – నిప్పులపై కాల్చు నొక పాత వంట

మన సంఘములలో కోతపండుగ నాడు భక్తులు తెచ్చిన ధాన్యపు బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు, గ్రుడ్లు ఆరాధన ముగిసిన వెంటనే వేలమునకు వచ్చుట చదువరు లెల్లరు ఎరిగినదే. నాలుగు వందల రూపాయల కోడి రెండు వేలు పలుకుటయు, దానిని పాడిన పెద్దమనిషి మరల సంఘమునకే యిచ్చివేయుటయు, ఆ కోడియే రెండవ మారు వేలమునకు వచ్చుటయు మనకు పరిపాటి. అమెరికా దేశమున న్యూయార్కు మహానగరమునకు వాయవ్యముగా, సరస్సుల నడుమ నున్న పల్లెలలో సైతము దేవాలయములకును, స్వచ్ఛందముగా మంటల నార్పు దళములకును ధనము సమకూర్చునది కోడియే. అయితే అచ్చట దానిని వేలము వేయరు. వేసవి దినములలో ఆరుబయట నిప్పులపై కాల్చి, పళ్లెమునకు ఇంత యని వెల పెట్టి అమ్ముదురు.

ఆ వంటకే కార్నెల్ కోడి యని పేరు. దాని విధానము 1950వ సంవత్సరమున అచ్చు పడినది. ఈ యేడు కోతపండుగకు దీనిని వండి అమ్మినచో వసతిగృహపు నిధికి కొంత చేకూరు నేమో యని తలిదండ్రులలో కొందరు మమ్ము నడిగిరి. పరుల బిడ్డలకు పెట్టవలసిన వంటను పుస్తకమున చూచి నేరుగా పొయ్యి మీద పెట్టుట తగదని తలంచి, మేము ముందుగా మా యింట రెండు మారులు వండి చూచితిమి. మొదటి మారు చెడినది, రెండవ మారు కుదిరినది. ఎందుచేత చెడెనో, ఎందుచేత కుదిరెనో తెలుపుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

కయూగా సరస్సు దక్షిణపు కొనయందు ఇథకా యను పట్టణము కలదు. అచ్చటి కార్నెల్ విశ్వవిద్యాలయమున కోళ్ల పెంపకపు శాస్త్రము బోధించిన ఆచార్యుడు రాబర్ట్ బేకరు (1921–2006) ఈ వంటను రూపొందించెను. అంతకు ముందు పెన్సిల్వేనియా రాష్ట్రమున పనిచేయుచుండగా, ఆ రాష్ట్ర గవర్నరు విందునకు వచ్చు సందర్భమున దీనిని మొదట వండెనని చెప్పుదురు. 1949లో ఆయన కార్నెల్ చేరెను. మరుసటి యేడే విశ్వవిద్యాలయపు వ్యవసాయ విస్తరణ శాఖవారు దీనిని 862వ సంఖ్య గల చిన్న పుస్తకముగా అచ్చొత్తించి రైతులకును గృహిణులకును అందజేసిరి. ఆయన సిరక్యూజ్ నగరమున జరుగు రాష్ట్ర ప్రదర్శనలో ఒక అంగడిని సైతము తెరచి, దశాబ్దములపాటు ఈ కోడినే అమ్మించెను. నేడు మన పట్టణములలోని పిల్లలు మారాము చేసి కొనిపించుకొను చికెన్ నగ్గెట్టు యొక్క తొలి రూపము కూడ 1960 తరువాతి యేండ్లలో ఆయన ప్రయోగశాలయందే తయారైనది. దానికి ఆయన పేటెంటు తీసికొనలేదు. తెలిసిన దానిని అచ్చువేసి నలుగురికి పంచుటయే ఆయన పద్ధతి.

ఈ వంటను పంచుటలో ఉపకారబుద్ధితో పాటు కొంత వర్తకపు యుక్తియు లేకపోలేదు. ఆ కాలమున అమెరికా రైతులు కోళ్లను ముఖ్యముగా గ్రుడ్ల కొరకు పెంచెడివారు. కోడిమాంస మనగా ఆదివారపు భోజనము. యుద్ధానంతరము మాంసము కొరకే పెంచు కోళ్లు విరివిగా వచ్చుచుండెను. వానిని తిను అలవాటు మాత్రము జనులలో అంతగా పెరగలేదు. కాబట్టి రెండు మూడు పౌనుల లేత కోడిని నిలువున రెండు సగములుగా కోసి, మనిషికొక సగము వడ్డింపుడని ఆచార్యుడు బోధించెను. మనిషికొక సగమైనచో మున్నూరు మంది విందునకు నూటయేబది కోళ్లు అమ్ముడుపోవును గదా! అందుకే కావలసిన సామగ్రి కూడ ఏ వంటింట నైనను దొరకునదే.

ఆ సామగ్రి యిది. పది సగములకు, అనగా అయిదు కోళ్లకు, నూనె ఒక కప్పు, ఆపిలు పండ్ల వినిగరు రెండు కప్పులు, ఉప్పు మూడు పెద్ద చెంచాలు, పౌల్ట్రీ సీజనింగు అను ఎండాకుల పొడి ఒక పెద్ద చెంచా, మిరియాలపొడి అర చిన్న చెంచా, కోడిగ్రుడ్డు ఒకటి. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. ముందుగా గ్రుడ్డును బాగుగా గిలకొట్టి, అందులో నూనె పోసి మరల గిలకొట్టి, పిదప తక్కినవన్నియు కలుపవలెను. ఇది కోడిని నానబెట్టుటకు చెప్పినది కాదు. కోడి నిప్పులపై నుండగా కుంచెతో మాటిమాటికి పూయుటకు చెప్పిన పూత. ముందుగా నానబెట్టుట తరువాతివారి అలవాటు.

గ్రుడ్డు ఎందులకని మా యింట మొదట సందేహము కలిగెను. నూనెయు వినిగరును ఒక గిన్నెలో పోసి ఎంత కలిపినను నిమిషములో విడిపోవును. గ్రుడ్డు పచ్చసొనయందు లెసిథిన్ అను పదార్థము కలదు. దాని యణువునకు ఒక కొన నూనెతోను, రెండవ కొన నీటితోను పొత్తు. అది నూనె బిందువుల చుట్టు చేరి వానిని వినిగరులో చెదరి నిలుచునట్లు చేయును. అట్లు నిలిచిన పూత కోడి తోలుకు అంటుకొనును. నిలువనిది కారి నిప్పులలో పడి మంట లేపును. అదియునుగాక గ్రుడ్డులోని మాంసకృత్తులు వేడికి గట్టిపడి, ఉప్పును ఆకుపొడిని తోలుకు పట్టియుంచి, బంగారు వన్నె తెచ్చును. ఒకమారు గ్రుడ్డు మాని చూతమని మేము కొంచెము పూతను వేరుగా కలిపితిమి. కుంచె ముంచినప్పుడెల్ల పైన తేలిన నూనెయే వచ్చినది, ఉప్పంతయు అడుగున మిగిలినది.

ఈ పూతలో చక్కెర లేదు, టమాటా లేదు. అమెరికా దక్షిణ రాష్ట్రములలో మాంసమునకు పూయు తీపి రసములు పలువురు ఎరుగుదురు. అవి మిక్కిలి రుచికరములే గాని, గంటసేపు నిప్పులపై నుండవలసిన కోడికి మొదటినుండి పూసినచో చక్కెర మాడి చేదెక్కును. వినిగరు పూతకు ఆ భయము లేదు. రుచి పులుపు, ఉప్పు, అంతే. మా మేనత్తగారు కారము, అల్లము వెల్లుల్లి లేని కోడిని వినుటయే యిది మొదలని ఆశ్చర్యపడి, ఒక చెంచా కారము వేసెదనని చేయి చాచిరి. పాత వంటను మొదట ఉన్నదున్నట్లు వండి రుచి చూచిన పిదపనే దిద్దవలెనని మా మతము. ఆమె బలవంతముగా ఒప్పుకొనిరి.

ఎండాకుల పొడి మన అంగళ్లలో సులభముగా దొరకదు. అందులో సాధారణముగా ఉండునవి సేజి, థైము, మార్జొరము, రోజుమేరి యను ఆకులు, మిరియము, జాజికాయ. ఈ పేర్లకు జంకవలసిన పనిలేదు. మార్జొరమనగా మన మరువమే! మల్లెలతోను కనకాంబరములతోను కలిపి దండ గ్రుచ్చు నా మరువమును నీడపట్టున ఎండబెట్టి నలిపితిమి. థైముకు సువాసన నిచ్చు థైమాలు అను పదార్థము మన వామునందును సమృద్ధిగా నున్నది. కాని వాము ఘాటు హెచ్చు కనుక పావు చెంచాకు మించి వేయరాదు. సేజికి మాత్రము సరియైన బదులు మన తోటలలో లేదు. పట్టణపు అంగడిలో చిన్న సీసా కొంటిమి. అది లేకున్నను వంట ఆగదు.

వినిగరును గూర్చి ఒక హెచ్చరిక. ఆపిలు వినిగరు సీసాపై ఆమ్లత 5 శాతమని యుండును. మన యిండ్లలో వాడు తెల్ల వినిగరు చాల వరకు 4 లేక 5 శాతముది, దానిని వాడవచ్చును. కాని నీరు కలుపని అసిటిక్ ఆమ్లమును కొందరు విడిగా అమ్ముదురు. అది చర్మమును, నోటిని, గొంతును కాల్చును. చీటి లేని సీసాను ఇంటికి తేకుండుట మేలు.

ఇక కోడి. బేకరు ఆచార్యుని నాటి కోడి వేరు, నేటి కోడి వేరు. 1950 ప్రాంతమున అమెరికాలో మాంసపు కోడి మూడు పౌనుల బరువు తూగుటకు సుమారు 70 దినములు పట్టెడిది. నేడు మన దేశపు బ్రాయిలరు కోడి నలువది దినములకే రెండు కిలోలు దాటుచున్నది. కాబట్టి నేటి కోడి లేతది, రొమ్ము బలిసినది, త్వరగా ఉడుకునది. ఏమరినచో రొమ్ము త్వరగా ఎండిపోవునది కూడ. నాటుకోడి రుచిలో మేలైనను ఈ వంటకు పనికిరాదు. దాని కండ పులుసులో నెమ్మదిగా ఉడుకవలసినదే గాని, గంటసేపటి పొడి వేడికి మెత్తబడదు. శుభ్రము చేసిన పిదప కిలో, కిలోంబావు ఉండు బ్రాయిలరును ఎన్నుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది తోలు. మన అంగళ్లలో కోడి యనగానే తోలు ఒలిచి ముక్కలు కొట్టి యిచ్చుట వాడుక. తోలు లేని కోడిని ఈ విధమున కాల్చినచో పూత నిలువదు, మాంసము పీచుపీచగును. తోలు ఉంచి, వెండ్రుకలు పూర్తిగా తీసి, వెన్నెముక వెంట నిలువున రెండు సగములుగా కోయుమని ముందుగానే చెప్పవలెను. మా అంగడివాడు మూడు మారులు అడిగి, నాలుగవ మారు నవ్వి, చెప్పినట్లే కోసి యిచ్చెను. ఇంటికి తెచ్చిన పచ్చికోడిని కుళాయి క్రింద కడుగు అలవాటు మనలో గట్టిగా నున్నది. చిందిన నీటితో క్రిములు గట్టుపైకి, గిన్నెలపైకి వ్యాపించునని నేటి ఆహారశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కడుగక యుండలేనివారు ఒక పాత్రలో నీరు పోసి నెమ్మదిగా కడిగి, పిదప ఆ చోటును సబ్బుతో తోమవలెను. ఈ విషయమున మా మేనత్తగారిని ఒప్పించుట మా తరము కాలేదు.

ఇప్పుడు మేము చెడగొట్టిన వంట కథ. పెరటిలో ఇటుకలు పేర్చి, బొగ్గులు పోసి, మంట లేవగానే విసనకర్రతో విసరుచు కోళ్లను కమ్మీల చట్రముపై పరచితిమి. నూనె కారి నిప్పులలో పడుట, మంట లేచుట, మేము ఇంకను విసరుట. ఇరువది నిమిషములలో తోలు ముదురు గోధుమవన్నెకు, కొన్నిచోట్ల నలుపునకు వచ్చినది. ఘుమఘుమ వాసనకు, ఆ సాయంకాలము మా యింటికి పిలిచిన వసతిగృహపు పిల్లలు పళ్లెములు పట్టుకొని కూర్చుండిరి. వడ్డించితిమి. ఒక చిన్నవాడు తొడను విరిచి, నోట పెట్టుకొనబోయి ఆగి, మా వైపు చూచెను. మా మేనత్తగారు వచ్చి ఆ ముక్కను వెలుతురులో త్రిప్పి చూచి, “నాయనా, తోలు కాలినది గాని మాంసము ఉడకలేదు. పళ్లెము లన్నియు వెనుకకు తెప్పించుము” అనిరి. ఎముక వద్ద మాంసము పచ్చిగా, జిగటగా నుండెను. అప్పటికే ఇద్దరు రెండు మూడు ముద్దలు తినియుండిరి. ఆ రాత్రియు మరునాడును వారికి ఏమగునో యని మేము పడిన వేదన దేవునికే ఎరుక. వారికేమియు కాలేదు. తక్కిన పిల్లలు ఆ పూట పెరుగన్నము, ఆవకాయ తిని వెళ్లిరి.

పచ్చికోడియందు సాల్మొనెల్లా, కాంపిలోబాక్టరు అను సూక్ష్మక్రిము లుండవచ్చును. అవి విరేచనములు, జ్వరము కలిగించును. చిన్న పిల్లలకు, వృద్ధులకు ప్రాణాపాయము సైతము తేగలవు. మాంసపు నడిమి భాగము 74 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి వచ్చినచో అవి నశించును. రంగును చూచి నమ్మరాదు. లేత కోడియందు పూర్తిగా ఉడికిన పిదప కూడ ఎముక చెంత ఎరుపు కనబడవచ్చును; ఎరుపు లేకున్నను ఉడకక పోవచ్చును. సన్నని సూది గల వంట థర్మామీటరు నొకటి కొని, తొడలో దట్టమైన చోట, ఎముకకు తగులకుండ గ్రుచ్చి చూచుటయే తగిన మార్గము. దాని వెల ఒక కోడి వెలను మించదు. తొడ 80 డిగ్రీలు దాటువరకు ఉంచినచో మరింత మెత్తగా నుండును.

రెండవ మారు వండినప్పుడు మొదటి సంగతి నిప్పు. “నివురు గప్పిన నిప్పు” అని మనము పైకి కనబడని ముప్పును గూర్చి చెప్పుదుము. ఈ వంటకు వలసినది అక్షరాల ఆ నిప్పే. బొగ్గు లంటించిన పిదప అరగంట సేపు ఓపిక పట్టి, మంట పూర్తిగా చల్లారి, ప్రతి బొగ్గుపైన బూడిద కమ్మిన తరువాతనే కోడి పెట్టవలెను. విసనకర్రను ఇంటిలోపలనే దాచివేయవలెను. బొగ్గులను రెండు ప్రక్కలకు నెట్టి నడుమ ఖాళీ చోటు విడిచితిమి. మంట లేచిన వెంటనే కోడిని ఆ నడిమి చోటునకు జరుపుటకు వీలగును. చట్రమున్న ఎత్తున అరచేయి పెట్టి చూచినపుడు నాలుగైదు లెక్కించువరకు ఓర్చుకొనగలిగినచో వేడి సరిగా నున్నదని గుర్తు. రెండు లెక్కించకముందే చేయి తీయవలసి వచ్చినచో ఇటుకలు మరియొక వరుస పేర్చి చట్రమును పైకి ఎత్తవలెను.

కోడి సగమును ముందు ఎముక వైపు క్రిందికి పెట్టవలెను. ఎముకలు వేడిని నెమ్మదిగా లోనికి పంపును, తోలు మాడదు. అయిదారు నిమిషముల కొకమారు పట్టకారుతో త్రిప్పుచు, త్రిప్పినపుడెల్ల పూత పూయవలెను. ఇథకా ప్రాంతపు విందులలో కోళ్లను రెండు తీగెల చట్రముల నడుమ బిగించి, ఇద్దరు మనుష్యులు చెరియొక కొన పట్టి ఒక్కసారిగా త్రిప్పుదురు. ఇంటిలో నాలుగు సగములకు ఆ యేర్పాటు అక్కరలేదు. మాకు ఏబదియైదు నిమిషములు పట్టినది. ఎక్కువ మారులు పూసినకొలది ఉప్పు హెచ్చును. ఉప్పు తగ్గింపవలసినవారు ముందే ఉప్పు తగ్గించుకొనవలెను గాని పూత తగ్గింపరాదు.

రెండవ సంగతి పూత గిన్నె. పచ్చికోడిని తాకిన కుంచె మరల గిన్నెలో మునుగును. గిన్నెలోని పూతయందు పచ్చి గ్రుడ్డు కూడ నున్నది. కాబట్టి పూతను మొదటనే రెండు గిన్నెలుగా విభజించి, రెండవ దానిని, దాని కుంచెను వేరుగా నుంచితిమి. మొదటి నలువది నిమిషములు మొదటి గిన్నె, పిదప రెండవది. చివరి పది నిమిషములు ఏదియు పూయలేదు. అప్పుడు పైనున్న పూతయంతయు వేడికి ఉడుకును. మిగిలిన పూతను పారబోసితిమి. బల్లపై నంజుకొనుటకు ఆ పూతను పెట్టుట ఎంతమాత్రము తగదు. పచ్చికోడి నుంచిన పళ్లెములోనే వండిన కోడిని పెట్టుట మరియొక పొరపాటు. తొందరలో ఎల్లరు చేయునదే. మేమును చేయబోయి ఆగితిమి.

ఇంటిలో రెండు కోళ్లకు నూనె అర కప్పు, వినిగరు ఒక కప్పు, ఉప్పు ఒకటిన్నర పెద్ద చెంచా చాలును. గ్రుడ్డును సగము చేయుట కష్టము కనుక ఒకటి పూర్తిగా వేసితిమి, చెరుపేమియు రాలేదు.

పెరడు లేని మేడలలో నివసించువారు బొగ్గుల కుంపటిని గదిలోనికిగాని, తలుపులు మూసిన వరండాలోనికిగాని తేరాదు. మండు బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. చలికాలమున కుంపటి పెట్టుకొని పరుండి తెల్లవారుసరికి చనిపోయిన కుటుంబములను గూర్చి పత్రికలలో చదువుచునే యున్నాము. అట్టివారు విద్యుత్ ఓవెనులో 190 డిగ్రీలవద్ద, క్రింద పళ్లెము పెట్టి, పూత పూయుచు సుమారు ఏబది నిమిషములు కాల్చవచ్చును. పొగ వాసన రాదు. పులుపు, ఉప్పు, కరకరలాడు తోలు మాత్రము తప్పక వచ్చును.

రుచి ఎట్లున్నదని అడుగుదురు. మొదటి ముక్క వింతగా నుండును. మన నాలుక కారమునకు వెదకికొనును. రెండవ ముక్కకు మరువపు వాసన తెలియును. పులుపు లోనికి దిగి, మాంసము రసము విడువక యుండుట తెలియును. పిల్లలు ఎముకలు తప్ప ఏమియు మిగుల్చలేదు. మొదటి మారు తొడ విరిచి ఆగిన చిన్నవాడు ఈ మారు కూడ వచ్చెను. తినుటకు ముందు థర్మామీటరును తానే గ్రుచ్చి చూచెదనని పట్టుబట్టెను. 83 డిగ్రీలు చూపినది. అప్పుడు తినెను. మా మేనత్తగారు ఒక సగమును పప్పుచారు అన్నముతో ముగించి, “బాగున్నది గాని, వచ్చేమారు నాకొక సగమునకు కారము పూయవలె” ననిరి. ఈ మారు మేము కాదనలేదు.

కోతపండుగ లెక్క చెప్పి ముగింతుము. ఏబది పళ్లెములకు ఇరువదియైదు కోళ్లు. వానికి నూనె అయిదు కప్పులు, అనగా 1.2 లీటర్లు, వినిగరు 2.4 లీటర్లు, ఉప్పు పదునైదు పెద్ద చెంచాలు, ఆకుపొడి అయిదు పెద్ద చెంచాలు, మిరియాలపొడి రెండున్నర చిన్న చెంచాలు, గ్రుడ్లు అయిదు. పచ్చికోడిని ముట్టువా రొకరు, వండినది వడ్డించువారు వేరొకరు కావలెను. మన యెండలలో వండిన కోడి గంటకు మించి బయట నుండరాదు కనుక ఏబదియు ఒకేమారు కాల్చక, పది పది సగములుగా విడతలలో కాల్చవలెను. ఈ లెక్కను, రెండు థర్మామీటర్లు వలెనను మాటను వ్రాసి సంఘ పెద్దలకు పంపియున్నాము.